నిదానం కాలంలో ఒక పెంగ్విన్

పెంగ్విన్ తల ఎదురుగా మడత కుర్చీలో కూర్చుని నన్నే చూస్తోంది. మొండెం నేను తొడుక్కుని ఉన్నాను. జిప్పు వీపు వైపు ఉంటుంది, నాకు చెయ్యి అందదు, అందుకని అమ్మ వెళ్ళే ముందే మెడ దాకా లాగేసి వెళ్ళిపోయింది. కాబట్టి ఇప్పుడు నేను హ్యాకెట్ బడిలో, ఆటల హాలు చివరున్న వేదిక మీద, మూసిన ఎర్ర తెర వెనకాల, దొంతర పెట్టిన పరుపుల మీద కూర్చుని, మెడ కింద పెంగ్విన్నీ మెడ పైన మారెన్ కుచెరానీ. పరుపులు చెమటా రబ్బరూ కలిసిన వాసన వేస్తున్నాయి. గోడ గడియారం ఎనిమిది దాటిందంటోంది. మా వంటింటి గడియారం ఇప్పుడు తొమ్మిది దాటిందంటూ ఉంటుంది. రెండూ నిజమే చెబుతున్నాయి, మా కొంప ముంచింది అదే.

ఇసుక గుట్టల మధ్య ఎక్కడో, పశువులు దాటకుండా రోడ్డుకి అడ్డంగా వేసిన ఇనుప కమ్మీల మీద బండి గడగడమంటుంది చూడండి, ఆ తర్వాత కొంచెం దూరం పోయాక గడియారం ఒక గంట వెనక్కి పోతుంది. గడ్డి అదే, గాలి అదే, ఆవులు కూడా అవే, కాలం మాత్రం వేరు. తూర్పు వైపు మేం వేగం కాలం వాళ్ళం, పడమటి వైపు వాళ్ళు నిదానం కాలం వాళ్ళు. పెళ్ళికి పిలిచినా, పళ్ళ డాక్టరు దగ్గరికి వెళ్ళాలన్నా, గిత్తని అమ్మాలన్నా ఇక్కడ ముందుగా అడిగే మాట ఒకటే: మీ కాలమా, మా కాలమా? అమ్మ ఆ మాట జీవితంలో కొన్ని వేల సార్లు అడిగి ఉంటుంది. నాన్నని మొదటిసారి కలవడానికి వెళ్ళినప్పుడు కూడా అడిగిందట. ఒక్క ఏప్రిల్‌లో, హ్యాకెట్ ప్రధానోపాధ్యాయిని మిసెస్ రిట్టర్ ఫోన్ చేసి, సరే డార్లా, మా బడికి డబ్బు పోగుచేసే పని ఈసారి మీ కంపెనీకే ఇచ్చి చూస్తాను, సెప్టెంబరు రెండో శుక్రవారం తొమ్మిదికి రండి అన్నప్పుడు మాత్రం అడగలేదు. ఫోన్ పెట్టేసి వంటింట్లో కుక్కతో డాన్సు చేసింది. నేను చూశాను. కుక్క కూడా అడగలేదు.

ఇందాక ఆఫీసు గదిలో గుమాస్తా నోరీన్ మమ్మల్ని చూసి కాఫీ కప్పు కింద పెట్టింది. "ఏం డార్లా, ఇంత పొద్దున్నే? మా కోళ్ళు కూడా ఇంకా లేవలేదు."

"తొమ్మిదికే కదా?" అంది అమ్మ.

"తొమ్మిదికే. మా తొమ్మిదికి."

అమ్మ ముఖం చూస్తే, పొయ్యి మీద ఏదో పెట్టి ఊరికి వచ్చేసిన మనిషి ముఖంలా ఉంది. ఎందుకంటే ఈ రోజు రెండో బడి కూడా ఉంది. విల్లో బెండ్, మా వైపు, పదకొండుకి. ఇక్కడ తొమ్మిదికి మొదలుపెట్టి అరగంటలో ముగించుకుని గంటన్నర బండి నడిపితే సరిగ్గా సరిపోతుందని అమ్మ వేసవంతా ఆ లెక్క చూసుకుని మురిసిపోయింది. ఆ లెక్కలో ఒక గంట దొర్లిపోయింది. ఇక్కడ తొమ్మిదయ్యే వేళకి అక్కడ పది. ముందుకు జరపమందామంటే మిసెస్ రిట్టర్, "బస్సులు ఎనిమిదిన్నరకి గానీ రావు, పిల్లలు లేకుండా ఎవరికి చెబుతావమ్మా, కుర్చీలకా?" అంది. విల్లో బెండ్ వాళ్ళు ఫోన్‌లో, శుక్రవారం ఫుట్‌బాల్ ఉంది, పన్నెండుకల్లా అందరూ ఇళ్ళకే, వెనక్కి జరపడం కుదరదన్నారు. అప్పుడు అమ్మ నా మోచెయ్యి పట్టుకుని వ్యాను దగ్గరికి తీసుకెళ్ళింది.

"తల్లీ, ఒక మాట అడుగుతాను. కుదరదంటే కుదరదను."

"కుదరదు."

"ఇంకా అడగలేదే!"

"ఏం అడుగుతావో తెలుసు."

అమ్మ నవ్వింది. ఇంత జరిగాక నవ్వింది. అమ్మకి కంగారు పుడితే నవ్వొస్తుంది, నాకు గొంతు పోతుంది, ఒకే రక్తం ఇలా రెండు దారులు ఎలా పట్టిందో. "నేను విల్లో బెండ్‌కి పోతాను, నువ్విక్కడ ఉండు. నువ్వు మాట్లాడకపోయినా ఆకాశమేమీ విరిగి పడదు. డంకన్‌లా చెయ్యూపు, చాలు. నా ఉపన్యాసం కాగితం మిసెస్ రిట్టర్ చదువుతుంది. ఎలాగో గట్టెక్కుతాం." నేను, గట్టెక్కకపోతే? అన్నాను. "గట్టెక్కకపోతే వచ్చే ఏడాది హ్యాకెట్‌కి పాత కంపెనీ వాళ్ళే వస్తారు, నా చేతిలో ఉన్న ఈ పడమటి బళ్ళన్నీ ఇంకొకరికి పోతాయి, నేను మళ్ళీ స్కూలు బస్సు నడుపుతాను. ఏముంది, ఆ సీటు ఇంకా నా ఆకారంలోనే ఉంటుంది." అలా తేలిగ్గా అనేసి జిప్పు పైకి లాగింది. బహుమతుల పెట్టె ఒకటి నాకు దింపి, నా నుదుటి మీద ముద్దు పెట్టి, దుమ్ము లేపుకుంటూ వెళ్ళిపోయింది. వ్యాను గుట్ట ఎక్కి దిగేదాకా చూశాను. రెక్కలతో కళ్ళు తుడుచుకోవడం ఎంత కష్టమో తొడుక్కున్నవాళ్ళకే తెలుస్తుంది.

డంకన్ అంటే ఈ పెంగ్విన్. కంపెనీ పెంగ్విన్. గడ్డకట్టిన కుకీ పిండి డబ్బాలు కదా మేం అమ్మేది, అందుకని మంచు పక్షి. పిల్లలు రంగుల కాగితాలు ఇంటికి పట్టుకెళ్తారు, తాతలూ అత్తలూ చుట్టుపక్కలవాళ్ళూ తమకి కావలసిన రుచి రాసిస్తారు, నవంబరులో చల్లబెట్టిన లారీ వస్తుంది, వచ్చిన దాంట్లో బడికి వాటా. హ్యాకెట్ వాళ్ళకి ఆటస్థలం మీద నీడ కావాలట. ఇక్కడ చెట్లు లేవు. ఉన్న ఒక్క కాటన్‌వుడ్ చెట్టూ రోడ్డుకి అవతల ఉంది. డంకన్ మాట్లాడడు, అది నియమం. చెయ్యూపుతాడు, నడుము తిప్పుతాడు, పిల్లలు మీద పడితే వాటేసుకుంటాడు, నోరు మాత్రం విప్పడు. డంకన్‌లో నాకు నచ్చింది అదే. ఆగస్టులో ఈ దుస్తులు పెట్టెలోంచి తీసినప్పుడు అమ్మ నా వైపు చూసింది, నేను అమ్మ వైపు చూశాను, వేషం నాదైపోయింది. మా హైస్కూలుకి శుక్రవారాలు సెలవు, దేవుడు కూడా ఏర్పాటు చేసి పెట్టినట్టే ఉంది అనుకున్నాను. లోపల ఉండి ఊరంతా తిరగొచ్చు, ఎవరికీ కనిపించకుండా. ఆ ఏర్పాటు పొద్దుటి దాకా బాగానే ఉంది.

అంత సిద్ధపడ్డాం, అదే నాకు నవ్వు తెప్పిస్తోంది, ఇక్కడ ఒక్కదాన్నీ కూర్చుని నవ్వుతుంటే పెంగ్విన్ పొట్ట ఊగుతోంది. జూన్‌లోనే మొదలుపెట్టింది అమ్మ. ప్రతి బడికీ తల్లిదండ్రుల సంఘానికి ఈ ఏడాది ఎవరు పెద్దో కనుక్కోవడం మొదటి పని, పాత పెద్దకి ఫోన్ చేస్తే ఆవిడ, బాబోయ్ నా పని అయిపోయింది అని ఫోన్ పెట్టేస్తుంది, కొత్త పెద్దకి తను పెద్దనని ఇంకా తెలియదు. గోడ మీద పెద్ద కాలెండరు, దాని మీద ఎర్ర పిన్నులు ఫుట్‌బాల్, ఆకుపచ్చ పిన్నులు దూడల్ని తల్లుల దగ్గర్నుంచి విడదీసే వారాలు, నారింజ పిన్నులు జింకల వేట మొదలయ్యే రోజు. ఆ రోజు లారీ వస్తే దింపడానికి జిల్లా మొత్తంలో ఒక్క మగాడు దొరకడని అమ్మకి తెలుసు. అన్నిటికీ రంగు ఉంది, గడియారానికి తప్ప. భోజనాల బల్ల మీద రంగు కాగితాలు తరగతి వారీగా కట్టలు, ప్రతి కట్టకీ రెండు మూడు ఎక్కువ, ఎందుకంటే ఆగస్టు చివర్లో ఎవరో ఒకరు కొత్తగా ఊళ్ళోకి వస్తారు, అందరికీ ఇచ్చి ఆ పిల్లకి లేకపోతే ఆ పిల్ల ఏడాదంతా గుర్తుపెట్టుకుంటుంది అంటుంది అమ్మ. మేం నెల రోజులు వంటింట్లో నిలబడే తిన్నాం. ఎక్కువ అమ్మిన పిల్లలకిచ్చే బహుమతులు పారదర్శకమైన సంచుల్లో, వెలిగే బొంగరాలు, గోడకి అతుక్కునే జిగురు చేతులు, గొలుసుకి వేలాడే బుల్లి బాతులు. బాతుల్లో ఒకటి నాన్న బూటులో దొరికింది. ఆయన దాన్ని ట్రాక్టరు అద్దానికి కట్టుకున్నాడు.

నాన్న సంగతి చెప్పాలంటే, అమ్మ ప్రతి రుచీ మా పొయ్యిలోనే కాల్చి చూసింది, తినకుండా బాగుందని చెప్పలేను అంది. ఓట్సూ కిస్‌మిస్సూ ఉన్నది, వెన్నదీ చక్కెరదీ, నాలుగు రకాల చాక్లెట్‌వి. నాన్నకి వేసవిలో బెల్టు ఒక కన్నం జరిగింది. "నీ ఉద్యోగం నా ప్యాంటు మీద పడిందే, డార్లా," అన్నాడు. అమ్మ, "నిన్ను ఓట్స్ దగ్గర ఆపుదామనుకున్నాను, నువ్వు చాక్లెట్ దాకా పోయావు," అంది. ఇద్దరూ ఒకరి భుజం మీద ఒకరు పడి నవ్వారు. కొట్టంలో కట్టేసిన దూడల ముందు అమ్మ ఉపన్యాసం సాధన చేసేది, నేను గడ్డి మోపు మీద కూర్చుని మైకు బ్యాటరీలు లెక్కేసేదాన్ని. పిల్లలూ, ఈ ఏడాది మీ బడికి ఏం కావాలో తెలుసా? దూడ అంబా అనేది. ఎంత చక్కగా చెప్పావో! అనేది అమ్మ. నాకు ఆ ఉపన్యాసం అక్షరం అక్షరం వచ్చు. ఇప్పుడు కూడా లోపల తిరుగుతోంది, అమ్మ గొంతుతో, అమ్మ ఎక్కడ ఆగి ఊపిరి తీసుకుంటుందో అక్కడ ఆగుతూ. నోట్లోకి మాత్రం రాదు. నాలుకకీ మెదడుకీ మధ్య కూడా ఎక్కడో ఒక గీత ఉంది, అది దాటేసరికి మాట ఒక గంట వెనకబడుతుంది.

మా పల్లెబడిలో అలా ఉండేది కాదు. ఒక్కటే గది, ఎనిమిదో తరగతి దాకా అందరం కలిపి ఏడుగురం, అందులో ముగ్గురు అన్నదమ్ములు. పెద్దవాళ్ళు చిన్నవాళ్ళకి చెప్పాలి, అది పద్ధతి. నేను లొటీ అనే పిల్లకి కిటికీ కింద కూర్చుని అక్షరాలు నేర్పేదాన్ని, చెవిలో చెబుతున్నట్టు, దానికి నేను చెప్పిందల్లా రహస్యంలా అనిపించేదట, అందుకే గుర్తుండేదట. ఏడుగురి మధ్య గొంతు పెంచాల్సిన పనే లేదు. హైస్కూలుకి వెళ్ళిన మొదటి రోజు భోజనాల గదిలో ఆ చప్పుడు విని నేను పళ్ళెం పట్టుకుని అలా నిలబడిపోయాను. ఇప్పటికీ పంతులుగారు పేరు పిలిస్తే నా జవాబు నా గడ్డం దాటదు. కిందటి వేసవిలో లైసెన్సు వచ్చాక ఒక్కదాన్నీ పట్నానికి వెళ్ళి, కారులోంచే తిండి అడిగే చోట స్పీకర్ డబ్బా ముందు ఆగాను. చెప్పండి అంది డబ్బా. నేను చెప్పాను. వినపడలేదండి అంది. మళ్ళీ చెప్పాను. వినపడలేదండి. నేను థాంక్యూ అని చెప్పి అలాగే ముందుకి పోనిచ్చి, కిటికీ దగ్గర ఆగకుండా ఇంటికొచ్చి ఉడకబెట్టిన గుడ్డు తిన్నాను. ఈ సంగతి ఎవరికీ చెప్పలేదు, డైరీకి తప్ప. డైరీ కూడా వినపడలేదండి అంటుందేమోనని కొంచెం పెద్ద అక్షరాలతో రాశాను.

తలుపు కిర్రుమంది. నోరీన్. చేతిలో నీళ్ళ గ్లాసు, అందులో పొడుగాటి స్ట్రా, రెక్కలున్న మనిషికి గ్లాసు ఎలా పట్టుకోవాలో ఈవిడకి ముందే తోచింది. "తాగమ్మా. అందులో ఉడికిపోతావు." తాగాను. ఆవిడ నా పక్కన పరుపు మీద కూర్చుంది. అమ్మ చెప్పేది, బడికి తాళం చెవి గుమాస్తా దగ్గర ఉంటుంది, ఏ బడికి వెళ్ళినా మొదట ఆవిడకి ఏదైనా పట్టుకెళ్ళాలి అని. మేం మా తోటలో కాసిన జుకీనీ కాయలు తెచ్చాం. అది తప్పే అయింది. సెప్టెంబరులో మా వైపు ఎవరికీ జుకీనీ ఇవ్వకూడదు, అందరి తోటల్లోనూ అవే, తాళం వెయ్యని కారు కనిపిస్తే అందులో పడేసి పారిపోతారు. నోరీన్ సంచీ తెరిచి చూసి, మళ్ళీ మడిచి బల్ల కిందకి తోసేసింది.

"కాగితం మిసెస్ రిట్టర్ చదువుతుందా?" అంది ఇప్పుడు.

తలూపాను.

"అయ్యో. ఆవిడ మంచిదేలే. కానీ ఆవిడ పుట్టినరోజు పాట పాడినా, నిప్పంటుకుంది, వరసగా బయటికి నడవండి అన్నట్టే ఉంటుంది."

"మీరు చదవరూ?" అన్నాను. అది నేనే అన్నాను. గుసగుసే అయినా అన్నాను.

"నేనా?" నోరీన్ గుండె మీద చెయ్యేసుకుంది. "తల్లీ, పద్దెనిమిదేళ్ళుగా మైకులో బస్సు నంబర్లు చదువుతున్నాను, ఎందుకంటే అప్పుడు తలుపేసి ఉంటుంది. మనుషులు కనిపిస్తే నాకు మాట తడబడుతుంది. ఏ కిండర్‌గార్టెన్ పిల్లో నన్ను ఎగాదిగా చూస్తే చాలు, నా పేరు కూడా మర్చిపోతాను." లేచి గౌను దులుపుకుంది. "పోయినేడు వచ్చిన ఆ కంపెనీ కుర్రాడు అరగంట సేపు వాళ్ళకి లిమోజీన్ కారు చూపించాడు. ఎక్కువ అమ్మినవాళ్ళకి అందులో షికారట. ఇక్కడి పిల్లలు ఏమన్నారో తెలుసా? దానికి ట్రైలర్ తగిలించుకోవచ్చా అని అడిగారు." వెళ్ళిపోయింది. నేను నవ్వాను, స్ట్రా ముక్కులో గుచ్చుకుంది.

అందరికీ మాట తడబడుతుందన్నమాట. ఇంతకాలం నేనొక్కదాన్నే అనుకున్నాను, నాకు మాత్రమే ఇచ్చిన జబ్బులా. అమ్మకి కూడా తడబడుతుందేమో, అందుకేనేమో దూడలు. ఇప్పుడెక్కడుందో, కమ్మీలు దాటేసి ఉంటుంది, తను పోగొట్టుకున్న గంట మళ్ళీ వచ్చి నెత్తిన పడి ఉంటుంది, కిటికీ దించుకుని పెద్దగా ఉపన్యాసం చెప్పుకుంటూ పోతూ ఉంటుంది. పెంగ్విన్ లేదు పాపం అక్కడ. తనే పెంగ్విన్‌లా నడుస్తుంది చూడు, నాకు తెలుసు, మోకాళ్ళు దగ్గర పెట్టి, ముప్పైతొమ్మిదేళ్ళ మనిషి, సిగ్గేమీ పడకుండా. వసంతకాలంలో బస్సు పని వదిలేటప్పుడు నాన్నతో అంది, ఇరవై ఏళ్ళు పిల్లల్ని వీపు వెనకాల పెట్టుకున్నానయ్యా, ఒక్కసారి వాళ్ళ ముఖాలు చూస్తూ పనిచెయ్యాలనుంది అని. ఆ మాట నేను మెట్ల మీద నుంచి విన్నాను. అంతే, ఆవిడ అడిగింది అంతే. దానికోసం కాలెండరు నిండా పిన్నులు గుచ్చింది. మిసెస్ రిట్టర్ ఆ కాగితం చదివితే ఏమవుతుందో నాకు తెలుసు, రంగు కాగితాలు సంచుల అడుగుకి పోతాయి, సంచుల్లోంచి పికప్ బండి సీటు కిందకి, అక్కడ్నుంచి కుక్క నోట్లోకి. పిల్ల ఇంటికెళ్ళి నోరు తెరిచి అడిగితేనే తాత పెన్ను తీస్తాడు. పిల్ల అడగాలంటే ఆ పిల్లకి ఎవరో సరదాగా చెప్పి ఉండాలి. అంతా ఎవరో ఒకరి నోరు మీద ఆధారపడి ఉంది, ఉన్న నోరు నాది.

బస్సులు. బ్రేకులు కీచుమన్నాయి, తలుపులు బుస్సుమన్నాయి, ఇక చూడు చప్పుడు, ముందు చినుకుల్లా, తర్వాత వడగళ్ళలా. నడవాలో బూట్లు, పళ్ళేలు, ఎవరో ఏడుస్తున్నారు, ఎవరో ఏడుస్తున్నవాళ్ళని వెక్కిరిస్తున్నారు. నా పొట్ట మీద చెయ్యి పెట్టుకుంటే డంకన్ పొట్ట తగిలింది, మెత్తగా. గడియారం ముల్లు నిదానం కాలంలో కూడా పరిగెడుతోంది. ఉపన్యాసం నేనే చెబుతానని మిసెస్ రిట్టర్‌తో వెళ్ళి చెప్పనా? ఏం చెప్పను? ఇలా వేషంలో ఆవిడ గదికి వెళ్ళి గుసగుసగా, నేను గట్టిగా మాట్లాడగలను అని చెప్పనా? లేచాను. కూర్చున్నాను. లేచాను. ఆరో తరగతి కుర్రాళ్ళు ఇద్దరు వేదిక పక్కకి వచ్చి తెర తాడు పట్టుకుని నిలబడ్డారు, నన్ను చూసి మర్యాదగా తలలూపారు, ఇద్దరూ పెంగ్విన్లని రోజూ చూసేవాళ్ళలాగే. నేను గబగబా తల పెట్టేసుకున్నాను. లోపల చీకటి, నా ఊపిరే నాకు పెద్దగా, ముక్కు దగ్గరున్న వల కన్నాల్లోంచి తెర ఎర్రగా, ముక్కలు ముక్కలుగా. తెర అవతల కుర్చీలు గీరుకుంటున్నాయి. వాళ్ళు వచ్చేశారు. నూట పాతిక మంది పిల్లలు తెరకి అటు, నేను ఇటు, మధ్యలో గుడ్డ.

ఇదిగో మిసెస్ రిట్టర్ మైకు. "పిల్లలూ కూర్చోండి. చేతులు ఒళ్ళో." నిజమే, నిప్పంటుకున్నట్టే ఉంది. ఆవిడ ఏదో చదువుతోంది, నాకు వినపడుతున్నవి ముక్కలే, నిధులు, నీడ, క్రమశిక్షణ, హాలంతా నిద్రపోతున్న ఆవులా నిశ్శబ్దం. ఊపిరి ఆడటం లేదు. లోపల ఎవరో వేడి తువ్వాలు ముఖం మీద కప్పినట్టుంది, ఆ జుకీనీల సంచీ గుర్తొస్తోంది ఎందుకో, చెమట కంట్లోకి పోయింది. ఒక్క క్షణం. ఒక్క గుక్క గాలి పీల్చుకుని మళ్ళీ పెట్టేసుకుంటాను, ఆవిడ ఇంకా మొదటి పేజీలోనే ఉంది కదా. రెండు రెక్కలతో తల పైకి లేపి చంకలో పెట్టుకుని గుండెల నిండా ఊపిరి తీసుకున్నాను, ఎంత బాగుందో ఆ గాలి, అప్పుడే మిసెస్ రిట్టర్ "ఇప్పుడు" అంది. ఇప్పుడు మనం అని ఏదో వాక్యం చదవబోయిందట, తర్వాత తెలిసింది. తాడు పట్టుకున్న కుర్రాళ్ళకి మాత్రం ఆ ఒక్క ముక్క చాలింది.

తెర తెరుచుకుంది.

అంత వెలుగు నేను జీవితంలో ఎప్పుడూ చూడలేదు. వెలుగులో ముఖాలు, ముందు వరసలో నేల మీద కూర్చున్న కిండర్‌గార్టెన్ పిల్లలు, నోళ్ళు తెరిచి. అందరూ నన్ను చూస్తున్నారు. నన్ను కాదు, నా చంకలోకి చూస్తున్నారు. ఆ తర్వాత ముందు వరసలో రెండు జడల పిల్ల వేలు చూపించి, ఆకాశం దాకా వినపడేలా అరిచింది: "వాడి తల ఊడిపోయింది!"

ఇక ఏడుపు. ఒకరితో మొదలై పక్కవాళ్ళకి, వరస వరసకి, గడ్డి అంటుకున్నట్టు. కంపెనీ ఇచ్చిన చిన్న పుస్తకం మొదటి పేజీలో లావు అక్షరాల్లో ఏముందో అప్పుడు గుర్తొచ్చింది నాకు: పిల్లల ముందు తల తియ్యరాదు. మిసెస్ రిట్టర్ కాగితాలు పట్టుకుని నన్నూ వాళ్ళనీ మార్చి మార్చి చూస్తోంది, తలుపు దగ్గర నోరీన్ రెండు చేతులూ నోటికి అడ్డం పెట్టుకుంది. ఆ రెండు జడల పిల్ల గడ్డం వణుకుతోంది. అది చూశాను. ఇంకేమీ చూడలేదు, ఆ గడ్డమే. కిటికీ కింద లొటీ గడ్డం కూడా ఏడుపు ముందు అచ్చం అలాగే వణికేది.

"డంకన్‌కి ఏమీ కాలేదు!" అని అరిచాను.

అది నా గొంతే. వెనక గోడ దాకా పోయి తిరిగొచ్చింది, అక్కడ ఇంకొక మారెన్ ఉన్నట్టు. అందరూ ఆగిపోయారు. నేను కూడా ఆగిపోయాను.

రెండు జడల పిల్ల కళ్ళు చిట్లించింది. "మరి నువ్వెందుకు లోపలున్నావు? వాడు నిన్ను మింగేశాడా?"

"ఆఁ," అన్నాను. "మింగేశాడు."

"ఎందుకు?"

"వేసవంతా మా ఇంట్లో కుకీలే కాల్చాం. నా దగ్గర కుకీ వాసన వచ్చింది. పాపం వాడు పొరబడ్డాడు."

ఎక్కడో వెనక ఒక ఉపాధ్యాయుడు ఫక్కున నవ్వాడు. ఆ తర్వాత నాలుగో తరగతి, ఐదో తరగతి, నవ్వు ముందుకి పాకుతూ వచ్చింది, ఏడుపు పాకిన దారినే. ముక్కు చీదుకుంటూ కూడా నవ్వుతున్నారు. "నొప్పి పుట్టిందా?" అని ఎవరో అడిగారు. "లోపల చీకటా?" ఇంకొకరు. చీకటే, కానీ మెత్తగా ఉంది అన్నాను. మిసెస్ రిట్టర్ మైకు తెచ్చి నా రెక్కకి అందించింది. పట్టుకోవడం రాలేదు, జారింది, ఆవిడే పట్టుకుని నా నోటి దగ్గర పెట్టి నిలబడింది, ఉపన్యాసం ఎంతసేపయితే అంతసేపు, ఒక స్తంభంలాగా.

"మీ జారుడుబల్ల మీద కూర్చుంటే ఎవరికి కాలింది?" అన్నాను. అమ్మ కాగితంలో ఈ ప్రశ్న లేదు. హాలంతా చేతులే. ఒకడు లేచి తొడ వెనకాల మచ్చ చూపించబోతే పంతులమ్మ కూర్చోబెట్టింది. అయితే దాని మీద నీడ వెయ్యాలి కదా అన్నాను. వెయ్యాలి అన్నారు. ఊరికే అనడం కాదు, పైకప్పు ఎగిరేలా అన్నారు. ఇక మాటలు వాటంతట అవే వచ్చాయి, కొన్ని అమ్మవి, కొన్ని ఎవరివో నాకే తెలియదు. ఇంటికెళ్ళగానే ముందు నీడ సంగతి చెప్పండి, కుకీ సంగతి తర్వాత. తెలియని వాళ్ళ తలుపులు కొట్టకండి, మిమ్మల్ని ముద్దు చేసేవాళ్ళనే అడగండి. తాతయ్యని అన్నం తిన్నాక అడగండి, ముందు కాదు. వద్దన్నవాళ్ళకి కూడా థాంక్స్ చెప్పండి, వాళ్ళ దగ్గర ఒక్క క్షణం నిలబడండి, సగం మంది అప్పుడే మనసు మార్చుకుంటారు. సిగ్గేస్తే చెవిలో చెప్పండి. చెవిలో చెప్పింది ఎవరూ మర్చిపోరు. ఈ మాట చెప్పగానే ముందు వరసలో ఒక పిల్లాడు, ఇందాకటి నుంచీ మోకాళ్ళలో ముఖం దాచుకున్నవాడు, తల పైకెత్తి నన్ను చూశాడు. నేను వాడినే చూస్తూ మిగతాది చెప్పాను.

నోరీన్ తలుపు దగ్గర్నుంచి గడియారం చూపిస్తోంది. మొదటి తరగతి వాళ్ళని ఆటకి వదిలే వేళ దాటిపోయిందట. మిసెస్ రిట్టర్ నా వైపు వంగి, మొదటిసారి మామూలు మనిషి గొంతుతో, "చాలమ్మా, చాలా బాగా చెప్పావు, ఇక ముగించు," అంటోంది. గంట కూడా కొట్టేశారు, పిల్లలు లేవబోతున్నారు, ఉపాధ్యాయులు వరసలు కట్టిస్తున్నారు.

"ఆగండి, ఆగండి," అన్నాను మైకులోకి. "ఇంకొక్క సంగతి ఉంది."